షెడ్యూల్ చేసిన పోస్టు తెల్లవారుజామున 4కి పడట్లేదు, పడ్డాక కూడా హోమ్‌పేజీలో నిన్నటి తిథే

విభాగం: వర్డ్‌ప్రెస్, హోస్టింగ్ కష్టాలు

కృష్ణలంక_శర్మ (విజయవాడ) · సోమవారం, ఉదయం 7:50

అందరికీ నమస్కారం. పంచాంగం, దుర్గగుడి సేవల వేళలు రాసే చిన్న బ్లాగు నాది. వర్డ్‌ప్రెస్, షేర్డ్ హోస్టింగ్, దాన్ని నడిపించుకోవడానికి సీప్యానెల్. ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సైటుకూ చదివేవాళ్లకూ మధ్య ఉండి కాపీలు దాచి ఇచ్చే సేవ), లోపల ఒక క్యాష్ ప్లగిన్ (తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇచ్చేది). సైటు కట్టిచ్చిన అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఫోన్ ఎత్తడు.

ఆదివారం రాత్రి కూర్చుని వారం మొత్తానికి పోస్టులు రాసి, ఒక్కోటి తెల్లవారుజామున 4 గంటలకు షెడ్యూల్ పెట్టేస్తాను. స్నానం, సంధ్య అయ్యాక చూస్తే అడ్మిన్‌లో పోస్టు పక్కన ఎర్రక్షరాలతో 'మిస్డ్ షెడ్యూల్' అని ఉంటోంది. మొన్న 5:00కి పడింది, నిన్న 6:15కి, ఇవాళ 7:30కి. పోయిన వారం ఒకరోజు టైముకే పడింది. (పోస్టు మీద ఎప్పుడూ 4:00 అనే ఉంటుంది. ఈ టైములు పోస్టు పడగానే నాకొచ్చే మెయిల్ చూసి చెబుతున్నవి.)

రెండో బాధ. పోస్టు పడ్డాక నాకు బాగానే కనిపిస్తుంది. బందరులో మా వదినకు మాత్రం హోమ్‌పేజీలో ఇంకా నిన్నటి తిథే ఉంటుంది. డాలస్‌లో ఉన్న మేనల్లుడికి కొత్తదే వస్తోందట! హోస్టింగ్ వాళ్లకు టికెట్ పెడితే 'క్యాష్ క్లియర్ చేసుకోండి సార్' అని ఒక్క ముక్క రాసి మూసేశారు.

వచ్చే వారం పాడ్యమి నుంచి శరన్నవరాత్రులు. రోజుకో అలంకారం, దానికి తగ్గట్టు దర్శనం వేళలు. మూలా నక్షత్రం రోజు అమ్మవారు సరస్వతీదేవిగా దర్శనమిస్తారు, ఆ పొద్దున ఇంద్రకీలాద్రి కింద ఇసుక వేస్తే రాలదు. అప్పుడు నా సైటులో ముందురోజు వేళలు కనబడితే జనం కొండ దగ్గరికొచ్చి నన్ను తలుచుకుంటారు. దారి చూపించండి.

పటమటలంక_అక్క (విజయవాడ) · 8:12

శర్మగారూ, ముందు సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్లి టైమ్‌జోన్ చూడండి. కోల్‌కతా అనైనా, యూటీసీ ప్లస్ 5:30 అనైనా ఉండాలి. ఉత్త యూటీసీ ఉంటే మీరు పెట్టిన 4 మనకు 9:30 అవుతుంది. అది సరిగ్గానే ఉంటే, మిస్సయిన పోస్టుల్ని వెతికి పబ్లిష్ చేసే ప్లగిన్లు ఉన్నాయి. నా వంటల బ్లాగులో అలాంటిదే ఒకటి వేసుకున్నా, హాయిగా ఉంది.

బ్రాడీపేట_టెక్ (గుంటూరు) · 8:35

అక్కా, టైమ్‌జోన్ తేడా అయితే మిస్డ్ అని రాదు, ఊరికే ఆలస్యంగా పడతది. ఆ ప్లగిన్లు కూడా ఎవరో ఒకరు సైటు తెరిస్తేనే లేస్తాయి. మీకు పగలంతా జనం వస్తారు కాబట్టి తెలియట్లేదు.

అసలు సంగతి ఏందంటే, వర్డ్‌ప్రెస్ దగ్గర సొంత అలారం లేదు. టైముకు పనులు చేయించే దాని క్రాన్, ఎవరైనా గేటు తడితేనే లేచి టైమెంతయిందో చూసుకునే వాచ్‌మన్. ఎవరో పేజీ తెరవాలి, ఆ రిక్వెస్టు సర్వర్లో పేజీ తయారుచేసే పీహెచ్‌పీ దాకా పోవాలి, అప్పుడు 'టైమైపోయినవి ఏమన్నా ఉన్నాయా' అని చూసుకుని డబ్ల్యూపీ-క్రాన్ అనే ఫైలును తనకు తనే పిలుచుకుంటది. తెల్లారి నాలుక్కి పంచాంగం చూసేవాళ్లు ఎంతమంది? ఉన్నా వాళ్లకు క్యాష్‌లో దాచిన పేజీ పోతది, పీహెచ్‌పీ నిద్ర లేవదు. క్యాష్ ఎంత బాగా పనిచేస్తే క్రాన్ అంత పడుకుంటది.

మందు తెలిసిందే. కాన్ఫిగ్ ఫైల్లో 'డిసేబుల్ డబ్ల్యూపీ క్రాన్'ని ట్రూ చేసి, సీప్యానెల్లో నిజం క్రాన్ జాబ్, అంటే సర్వర్ గడియారం చూసి దానంతటదే నడిచేది, పెట్టుకోవడమే.

కృష్ణలంక_శర్మ · 9:05

టైమ్‌జోన్ కోల్‌కతానే ఉందండీ. ఇకపోతే క్రాన్ జాబ్ పెట్టే ఉంది. సీప్యానెల్లో చూశాను. */15 * * * * అని ఉండి, పక్కన డబ్ల్యూగెట్, మా సైటు పూర్తి అడ్రసు, డబ్ల్యూపీ-క్రాన్ డాట్ పీహెచ్‌పీ, ప్రశ్నార్థకం, 'డూయింగ్ డబ్ల్యూపీ క్రాన్' అని ఉన్నాయి. కాన్ఫిగ్‌లో ట్రూ కూడా ఉంది. అంటే మీరు చెప్పిన వైద్యం ముందే జరిగిపోయింది. రోగం అలాగే ఉంది.

బ్రాడీపేట_టెక్ · 9:11

అట్టయితే సైటు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న అడ్రసుకి రీడైరెక్ట్ అవుతుందేమో చూడండి. కర్ల్‌తో (అదీ డబ్ల్యూగెట్ లాగే కమాండ్‌తో అడ్రసును పిలిచేదే) పిలిస్తే అది 301, అంటే 'ఇంకో అడ్రసుకు పో' అన్న జవాబు తీసుకుని అక్కడే ఆగిపోతది, దారి మార్చుకొని పోదు. డబ్ల్యూగెట్ అయితే పోతది కాబట్టి మీకు ఆ తేడా ఉండకూడదు. ఇంకేముందబ్బా...

లాగ్‌చూడు (గుంటూరు) · 9:30

శర్మగారు ఇచ్చిన టైముల్లో నిమిషాలు ఎవరైనా చూశారా? 5:00, 6:15, 7:30. అన్నీ పావుగంట గీత మీదే ఉన్నాయి. పబ్లిష్ చేస్తున్నది విజిటరూ కాదు, ఆయన లాగిన్ కావడమూ కాదు. ఆ 15 నిమిషాల క్రాన్ జాబే చేస్తోంది. జాబ్ నడుస్తోంది, కానీ నడిచిన ప్రతిసారీ పని జరగట్లేదు. ఇంకోటి, రోజురోజుకీ గంటంపావు జరుగుతోంది. పాడైపోయిన వస్తువు ఇంత పద్ధతిగా ప్రవర్తించదు. దేనికో ఒక గడువు ఉంది.

శర్మగారూ, సీప్యానెల్లో టెర్మినల్ ఉంటే అక్కడి నుంచి, మీ ఇంటి కంప్యూటర్ నుంచి కాదు, ఆ క్రాన్ అడ్రసును కర్ల్‌తో హెడర్లు (జవాబుకు ముందు వచ్చే వివరాల వరుసలు) కనిపించేలా పిలవండి. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెట్టండి. ఏ టైముకు చేశారో కూడా రాయండి.

ఘాటుమిర్చి (గుంటూరు) · 9:48

అడ్డమొస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది మిర్చి రేట్ల సైటు. యార్డులో వేలం అయ్యాక తేజ, 334, బాడిగ, తాలు అన్నీ రాసి సాయంత్రం 4:30కి షెడ్యూల్ పెడతా. నాకు టైముకే పడతది. వీపీఎస్ (నా ఒక్కడికే విడిగా ఇచ్చిన సర్వర్) మీద వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్‌తో క్రాన్ పెట్టుకున్నా. కానీ హోమ్‌పేజీ జాబితాలో కొత్త పోస్టు రాదు. వాట్సాప్ గ్రూపులో లింకు ఇస్తే అది తెరుచుకుంటది, హోమ్‌పేజీలో మాత్రం నిన్నటి రేటే. సత్తెనపల్లి నుంచి ఒక రైతు ఫోన్ చేసి 'నీ సైట్లో ఒకటి, కమీషన్ కొట్లో ఒకటి, ఏది నమ్మి బండి కట్టమంటావు' అన్నాడు. క్వింటానికి రెండు మూడొందల తేడా అంటే మాటలా?

క్లౌడ్‌ఫ్లేర్ గట్రా ఏమీ లేవు నాకు. పేజీ క్యాష్ ప్లగిన్ ఖాళీ చేసినా అంతే.

లాగ్‌చూడు · 10:02

ఘాటుమిర్చిగారూ, మీది వేరే జబ్బు, లక్షణం ఒకటే. 'క్యాష్ క్లియర్ చెయ్యండి' అనే సలహా నాకు నచ్చదు. ఏ క్యాష్? చదివేవాడి ఫోన్లో బ్రౌజర్ది ఒకటి. దారిలో క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ ఉంటే దానిది. సర్వర్ మీద తయారైన పేజీలను దాచేది ఇంకోటి. దాని కింద డేటాబేస్ ఇచ్చిన జవాబుల్ని దాచే ఆబ్జెక్ట్ క్యాష్. కంట్రోల్ షిఫ్ట్ ఆర్ కొడితే పోయేది మొదటిది ఒక్కటే, అదీ కొట్టినవాడి మిషన్లోనే. సైటు ఓనరు లాగిన్ అయి చూసుకుంటే ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎందుకంటే లాగిన్ కుకీ ఉన్నవాళ్లకు చాలా ప్లగిన్లు దాచిన పేజీ ఇవ్వవు. అందుకే ఓనర్లకు రోగం కనపడదు, వదినలకు కనపడుతుంది.

ఇలా చూడండి. ఇన్‌కాగ్నిటోలో హోమ్‌పేజీ తెరవండి. పాతది వస్తే, అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అక్షరం, ఈక్వల్, ఒక అంకె రాసి మళ్లీ తెరవండి. చాలా క్యాష్‌లు దాన్ని కొత్త పేజీగా చూస్తాయి. ఇప్పుడు కొత్త రేటు వస్తే పాత కాపీ పేజీ క్యాష్‌లోనో సీడీఎన్‌లోనో ఉన్నట్టు. అప్పుడూ పాతదే వస్తే ఇంకా కిందికి దిగాలి.

కృష్ణలంక_శర్మ · 10:15

టెర్మినల్ దొరికింది. సరిగ్గా 10:07కి చేశాను. వచ్చిందాంట్లో నాకు అర్థమైనంత వరకు రాస్తున్నా. మొదటి వరుసలో 200. క్యాష్ కంట్రోల్ అన్న చోట నో-క్యాష్ అని లేదు, మ్యాక్స్-ఏజ్ అని ఏదో అంకె ఉంది. 'సీఎఫ్-క్యాష్-స్టేటస్' అన్న చోట 'హిట్'. 'ఏజ్' అన్న చోట 9412. కింద ఏమీ లేదు, ఖాళీ.

లాగ్‌చూడు · 10:24

దొరికాడు.

'హిట్' అంటే దాచిన కాపీ ఇచ్చిందని, 'ఏజ్' అంటే ఆ కాపీ దాచి ఎన్ని సెకన్లయిందని. 9412 సెకన్లంటే 2 గంటల 36 నిమిషాల 52 సెకన్లు. 10:07 నుంచి వెనక్కి లెక్కేస్తే 7:30 దాటి 8 సెకన్లు. ఇవాళ మీ పోస్టు పడింది 7:30కి. కుదిరిందా?

మీ క్రాన్ జాబ్ ప్రతి పావుగంటకీ తలుపు కొడుతోంది. కానీ అది కొడుతున్నది మీ సర్వర్ తలుపు కాదు, క్లౌడ్‌ఫ్లేర్ తలుపు. అది తన దగ్గర దాచుకున్న పాత జవాబు ఇచ్చి పంపేస్తోంది. డబ్ల్యూపీ-క్రాన్ సరిగ్గా నడిచినా ఇచ్చేది ఖాళీ పేజీ, 'అంతా బాగుంది' అనే 200 కోడు. దాచిన కాపీ కూడా ఖాళీ పేజీ, 200 కోడే. కాబట్టి డబ్ల్యూగెట్‌కి తేడా తెలియదు, మీకు తప్పు సందేశమూ రాదు. దాచిన కాపీ గడువు తీరాక వచ్చిన మొదటి పిలుపు ఒక్కటి లోపలికి వెళ్తుంది, అప్పటిదాకా ఆగినవన్నీ ఒక్కసారి పబ్లిష్ అవుతాయి, ఆ జవాబు మళ్లీ దాచబడుతుంది.

నా అంచనా గడువు 4 గంటలు, అంటే 14,400 సెకన్లు. పదహారో పిలుపు వచ్చేసరికి ఒకటీ అరా సెకను తక్కువైతే ఇంకా 'హిట్' కిందే లెక్క, పదిహేడోది లోపలికి వెళ్తుంది. అలా చుట్టుకి పావుగంట జరుగుతుంది. రోజుకు దాదాపు ఆరు చుట్లు, అందులో ఒకటి సరిగ్గా 4 గంటలకే తిరిగి మిగతా ఐదూ పావుగంట చొప్పున వెనక్కి జరిగితే గంటంపావు. మీ మూడు టైముల మధ్య తేడా అదే. ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే రేపు మీ పోస్టు నాలుగున్నరకో నాలుగేముప్పావుకో పడుతుంది, మీరేమో సైటు దానంతటదే బాగుపడిందనుకుంటారు.

క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా హెచ్‌టీఎంఎల్ పేజీలను దాచదు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు, స్క్రిప్టులు అంతే. మీ సైటులో ఎవరో రూల్ రాశారు, 'అన్నీ దాచు, సర్వర్ వద్దన్నా వినకు' అని. చూడండి.

కృష్ణలంక_శర్మ · 10:51

క్యాష్ రూల్స్‌లో ఒకటి ఉంది. అన్ని పేజీలూ దాచమని, ఎడ్జ్ (క్లౌడ్‌ఫ్లేర్ సెంటర్లలో దాచే) గడువు 4 గంటలని, సర్వర్ పంపే హెడర్ పట్టించుకోవద్దని. డబ్ల్యూపీ-అడ్మిన్‌కూ లాగిన్ కుకీ ఉన్నవాళ్లకూ మినహాయింపు ఉంది. మీరు నా డ్యాష్‌బోర్డు చూసి చెప్పినట్టే ఉంది స్వామీ. మరి డాలస్ సంగతి?

లాగ్‌చూడు · 11:03

ఆ మినహాయింపు రాసినందుకు ఆ అబ్బాయికి దండం పెట్టాలి. లేకపోతే మీ పేరున్న అడ్మిన్ బార్ ఊరందరికీ కనిపించేది. డబ్ల్యూపీ-క్రాన్ ఫైలు అడ్మిన్ ఫోల్డర్లో ఉండదు, బయట ఉంటుంది. అందుకే మినహాయింపులోకి రాలేదు.

క్లౌడ్‌ఫ్లేర్ కాపీలను ఏ ఊరి సెంటర్‌కు ఆ ఊర్లో విడిగా దాస్తుంది. మీ మేనల్లుడి వైపు సెంటర్లో మీ హోమ్‌పేజీ ఎవరూ తెరవలేదు కాబట్టి ఆయనకు నేరుగా సర్వర్ నుంచి తాజాది వెళ్లింది. మీ వదినగారి వైపు పోస్టు పడకముందే ఎవరో తెరిచారు, నాలుగు గంటలు అదే. టెర్మినల్ నుంచే చూడమన్నదీ ఇందుకే. ఇంటి నుంచి చూస్తే ఇంకో సెంటర్ జవాబు వచ్చేది, లెక్క కుదిరేది కాదు.

ఇంకో ముచ్చట. 'ఇది దాచొద్దు' అని చెప్పడానికి వర్డ్‌ప్రెస్ పంపే హెడర్లలో గడువు తేదీ ఒకటి ఉంటుంది, 1984 జనవరి 11. ఎప్పుడో తీరిపోయిన తేదీ ఏదైనా పనికొస్తుంది, వాళ్లు మాత్రం వర్డ్‌ప్రెస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మ్యాట్ ముల్లెన్‌వెగ్ పుట్టినరోజు పెట్టుకున్నారు. మీ క్రాన్ ఫైలు ఆ హెడర్ ప్రతిసారీ పంపుతూనే ఉంది పాపం, రూలే వినొద్దంది.

పటమటలంక_అక్క · 11:20

అయితే అడ్రసు చివర ప్రతిసారీ మారే అంకె పెడితే చాలదా? ఇందాక మిర్చిగారికి చెప్పినట్టే.

తెనాలి_కుర్రాడు (తెనాలి) · 11:26

అవునక్కా. 'డూయింగ్ డబ్ల్యూపీ క్రాన్' ఎలాగూ ఉంది కదా, దానికి ఈక్వల్ పెట్టి డేట్ కమాండ్‌తో సెకన్లు ఇచ్చేస్తే సరి.

లాగ్‌చూడు · 11:34

దానికి మాత్రం విలువ ఇవ్వొద్దు. ఆ పేరు ఖాళీగా ఉంటే బయటి నుంచి వచ్చిన పిలుపు అనుకుని తాళం వేసుకుని పని మొదలుపెడుతుంది. విలువ ఉంటే అది తనే ఇంతకుముందు ఇచ్చిన తాళం నంబరు అనుకుని డేటాబేస్‌లో ఉన్నదానితో పోల్చి చూస్తుంది. కలవకపోతే చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేస్తుంది. మళ్లీ అదే 200, అదే ఖాళీ పేజీ.

బ్రాడీపేట_టెక్ · 11:41

ఇంకో గొయ్యి కూడా ఉంది తమ్ముడూ. క్రాన్‌టాబ్‌లో % గుర్తుకు వేరే అర్థం, అక్కడ లైను తెగిపోతది. డేట్ కమాండ్‌లో % లేకుండా కుదరదు, దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టాలి. టెర్మినల్లో చక్కగా నడిచి క్రాన్‌లో మాత్రం నడవట్లేదంటే చాలాసార్లు ఇదే. ఇంతా చేసి రేపు క్లౌడ్‌ఫ్లేర్ బాట్ రక్షణ డబ్ల్యూగెట్‌ను చూసి 'రానివ్వను' అనే 403 ఇచ్చిందనుకో, మళ్లీ మొదటికొస్తది.

శర్మగారూ, అసలు ఇంట్లో ఉన్న ఫైలును పిలవడానికి ఊరంతా తిరిగి రావడం ఎందుకు? యూఆర్ఎల్ తీసేయండి. క్రాన్ జాబ్‌లో పీహెచ్‌పీ కమాండ్ పెట్టి, పక్కన మీ హోమ్ ఫోల్డర్ నుంచి ఆ ఫైలు పూర్తి దారి రాయండి. క్లౌడ్‌ఫ్లేర్ లేదు, డీఎన్ఎస్ లేదు, రీడైరెక్ట్ లేదు. 15ను 5 చేయండి. పోస్టు మహా అయితే 5 నిమిషాలు ఆలస్యం.

ఒక జాగ్రత్త. కొందరు '4 గంటలకే కదా' అని క్రాన్ టైమే 4 అని పెడతారు. సీప్యానెల్ క్రాన్ సర్వర్ గడియారం చూస్తది, అది యూటీసీలో ఉంటే మనకు 9:30కి నడుస్తది. ఐదు నిమిషాలకోసారి అంటే ఈ గొడవ లేదు.

ఘాటుమిర్చి · మధ్యాహ్నం 12:10

చేశా. ఇన్‌కాగ్నిటోలోనూ పాతదే, చివర ప్రశ్నార్థకం పెట్టినా పాతదే. ఒక వింత చెప్తా వినండి. అడ్మిన్‌లోకి పోయి ఏదో ఒక పాత పోస్టు తెరిచి, ఏమీ మార్చకుండా అప్‌డేట్ కొడితే హోమ్‌పేజీ టక్కున మారిపోతది. రోజూ ఇట్టాగే నెట్టుకొస్తున్నా.

లాగ్‌చూడు · 12:22

ఆబ్జెక్ట్ క్యాష్ ప్లగిన్ ఉందా? ఉంటే రెడిసా, మెమ్‌క్యాష్‌డా, ఏపీసీయూనా?

ఘాటుమిర్చి · 12:25

ఏపీసీయూ. విడిగా సర్వీసు నడపక్కర్లేదని పెట్టా.

లాగ్‌చూడు · 12:40

అదే. ఏపీసీయూ దాచేది పీహెచ్‌పీ ప్రాసెస్ సొంత మెమరీలో. వెబ్ పీహెచ్‌పీ మెమరీ వేరు, కమాండ్ లైన్ పీహెచ్‌పీ వేరు. కమాండ్ లైన్‌లో అది మామూలుగా ఆపేసే ఉంటుంది కూడా. మీ క్రాన్ కమాండ్ లైన్‌లో పోస్టు పబ్లిష్ చేసింది, డేటాబేస్ మారింది. వెబ్ వైపు మెమరీకి ఆ కబురు అందలేదు. 2022లో వచ్చిన 6.1 నుంచి వర్డ్‌ప్రెస్ పోస్టుల జాబితా క్వెరీల ఫలితాన్ని కూడా ఆబ్జెక్ట్ క్యాష్‌లో దాస్తోంది. 'చివరిసారి ఎప్పుడు మారింది' అన్న గుర్తు మారితేనే మళ్లీ డేటాబేస్‌ను అడుగుతుంది. మీరు అడ్మిన్‌లో అప్‌డేట్ కొట్టినప్పుడు ఆ గుర్తు వెబ్ వైపు మారుతోంది, అందుకే టక్కున వస్తోంది. విడి పోస్టు లింకు తెరుచుకోవడం కూడా ఇందుకే, దాన్ని ఎవరూ ముందు దాచలేదు కాబట్టి.

పేజీ క్యాష్ ఎన్నిసార్లు తుడిచినా, కొత్త పేజీ తయారయ్యేది ఆ పాత జాబితాతోనే.

రెడిస్‌కు మారండి. వెబ్ అయినా కమాండ్ లైన్ అయినా వెళ్లేది ఒకే రెడిస్ దగ్గరికి. అదే వీపీఎస్ మీద ఇంకో వర్డ్‌ప్రెస్ సైటు ఉంటే రెండింటికీ వేరువేరు ప్రిఫిక్స్ (దాచే పేర్ల ముందు గుర్తు) పెట్టండి. లేదంటే ఒకరి సెట్టింగులు ఇంకొకరికి అంటుకుంటాయి, అప్పుడు మిర్చి సైటులో ఇంకెవరి మెనూయో కనిపిస్తుంది.

బ్రాడీపేట_టెక్ · 12:48

నేను శర్మగారికి చెప్పిన పద్ధతీ కమాండ్ లైనే. ఆయనకు ఏపీసీయూ ఆబ్జెక్ట్ క్యాష్ ఉంటే ఆయనా ఇదే గుంటలో పడతాడు. చూసుకోండి సార్.

కృష్ణలంక_శర్మ · 1:05

ఆబ్జెక్ట్ క్యాష్ లేదు, పేజీ క్యాష్ ఒక్కటే. క్రాన్ మార్చేశాను. ఇక హోమ్‌పేజీ సంగతి తేల్చండి. ఆ రూల్ తీసేయమంటారా? దసరా రద్దీలో సర్వర్ ఆగదేమోనని భయం. పోయిన దసరాకు సీపీయూ వాడకం మించిందని హోస్టింగ్ వాళ్లు సైటు ఆపేశారు. బహుశా అప్పుడే ఆ రూల్ పుట్టి ఉంటుంది.

లాగ్‌చూడు · 1:20

ఉంచండి. క్యాష్ ప్లగిన్‌కు క్లౌడ్‌ఫ్లేర్ టోకెన్ (అక్కడి కాపీలు తుడిచే అనుమతి ఇచ్చే రహస్య కోడు) ఇచ్చి, పోస్టు పడగానే హోమ్‌పేజీ, ఆ విభాగం పేజీ, ఫీడ్ అక్కడ కూడా తుడిచేలా పెట్టుకోండి. ఇప్పుడు మీ ప్లగిన్ తుడుస్తున్నది సర్వర్ మీద కాపీ ఒక్కటే. డబ్ల్యూపీ-క్రాన్ అడ్రసును రూల్ నుంచి తప్పించడం కూడా మర్చిపోవద్దు, రేపు ఇంకెవరో యూఆర్ఎల్‌తో పిలిస్తే మళ్లీ ఇదే జరుగుతుంది.

బ్రాడీపేట_టెక్ · 1:31

నేను ఒప్పుకోను. టోకెన్ గడువు తీరితే, ప్లగిన్ అప్‌డేట్‌లో ఏదన్నా విరిగితే ఎవరికీ తెలియదు. ఎడ్జ్‌లో హెచ్‌టీఎంఎల్ దాచడమే మానేసి సర్వర్ పేజీ క్యాష్‌తో నడిపించుకోవడం మేలు. చదివేవాళ్లలో ఎక్కువమంది మన కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లే. హెచ్‌టీఎంఎల్ ఇక్కడి సర్వర్ నుంచి వస్తే ఏం మునిగిపోయింది? బొమ్మలు ఎటూ క్లౌడ్‌ఫ్లేర్ నుంచే పోతాయి.

లాగ్‌చూడు · 1:38

మామూలు రోజుల్లో మీ మాటే కరెక్టు. మూలా నక్షత్రం పొద్దున కాదు. షేర్డ్ హోస్టింగ్‌లో దాచిన పేజీ ఇవ్వడానికి కూడా ప్రాసెస్‌ల మీద పరిమితి ఉంటుంది. ఒకసారి ఆపేశారని ఆయనే చెబుతున్నారు.

పటమటలంక_అక్క · 1:50

ఇద్దరూ ఆగండి. శర్మగారూ, మీ సైటు ఇప్పుడే తెరిచి చూశా. పక్క కాలమ్‌లో 'నేటి పంచాంగం' అని ఒక పెట్టె ఉంది, పాత పోస్టుల్లో కూడా. గూగుల్ నుంచి వచ్చేవాళ్లు దిగేది ఆ పాత పోస్టుల్లోనే. కొత్త పోస్టు పడితే ప్లగిన్ హోమ్‌పేజీ తుడుస్తుంది గానీ ఆ వందల పేజీల్లో పెట్టె సంగతేంటి? నేను తెరిచిన దాంట్లో నిన్నటి తిథి ఉంది.

బ్రాడీపేట_టెక్ · 1:54

అక్క పట్టేసింది. అర్ధరాత్రి 12కి మొత్తం క్యాష్ ఒకసారి తుడిచేలా ఇంకో క్రాన్ పెడితే?

కృష్ణలంక_శర్మ · 2:10

తిథి అర్ధరాత్రికి మారదు నాయనా. సూర్యోదయానికి ఉన్న తిథి ఆ రోజు తిథి. అది ముగిసేది ఉదయం 9కి కావచ్చు, రాత్రి 11కి కావచ్చు. ఆ పెట్టెలో 'ఇప్పుడు నడుస్తున్న తిథి' అని కూడా ఒక వరుస ఉంది. అది పగలు ఏ వేళకైనా మారుతుంది.

లాగ్‌చూడు · 2:25

అయితే తుడుచుకుంటూ కూర్చోవడం దండగ. ఆ పెట్టెను పేజీలో కలిపి తయారుచెయ్యొద్దు. పేజీలో ఖాళీ పెట్టె ఉంచి, లోపలి విషయం జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న అడ్రసు నుంచి తెప్పించండి. ఆ ఒక్క అడ్రసుకూ క్యాష్ గడువు 5 నిమిషాలు చాలు. పేజీ నాలుగు గంటల పాతదైనా పెట్టె తాజాగా ఉంటుంది. ముగింపు వేళలు ముందే తెలుసు కాబట్టి రోజంతటి వేళలూ ఒకేసారి పంపి, ఇప్పుడు ఏది నడుస్తోందో చదివేవారి ఫోనే తేల్చుకునేలా కూడా రాయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ల ఫోన్ గడియారం వేరు, భారత సమయానికి మార్చి లెక్కెయ్యాలి, అది గుర్తుంచుకోండి.

అది రాసిపెట్టే మనిషి దొరికేదాకా దసరా పదిరోజులూ ఆ పెట్టె తీసేయండి. తప్పు తిథి కంటే ఖాళీ జాగా నయం.

కృష్ణలంక_శర్మ · మంగళవారం, ఉదయం 6:20

పోస్టు పడింది. మెయిల్ 4:00కే వచ్చింది. టోకెన్ పెట్టి ప్లగిన్‌లో హోమ్‌పేజీ తుడిచే మీట నొక్కాను. రూల్‌లో క్రాన్ అడ్రసు తప్పించాను, ఇప్పుడు టెర్మినల్‌లో చూస్తే 'హిట్' బదులు 'డైనమిక్' అని, అంటే దాచిన కాపీ కాదని, వస్తోంది. వదినను లేపి అడిగాను, ఆమెకూ ఇవాళ్టిదే. తెల్లారకుండా లేపినందుకు తిట్టిందనుకోండి. పెట్టె ప్రస్తుతానికి తీసేశాను. బ్రాడీపేట బాబూ, టోకెన్ మీద మీ అనుమానం నాకూ ఉంది, అందుకని ఎడ్జ్ గడువు కూడా తగ్గించాను. దసరా అయ్యాక ఆ రూల్ ఉంచాలా వద్దా మళ్లీ అడుగుతా.

ఘాటుమిర్చి · ఉదయం 8:05

రెడిస్ పెట్టా, నిన్న సాయంత్రం 4:30 పోస్టు అప్‌డేట్ కొట్టకుండానే హోమ్‌పేజీలోకి వచ్చింది. ఒక్కటి మిగిలింది. వాట్సాప్‌లో హోమ్‌పేజీ లింకు పెడితే కింద కనిపించే బొమ్మ, శీర్షిక పాతవే వస్తున్నాయి.

పటమటలంక_అక్క · 8:20

అది మీ సైటులోది కాదు, వాట్సాప్ తన దగ్గర దాచుకున్నది. హోమ్‌పేజీ కాకుండా ఆ రోజు పోస్టు లింకు పంపండి, కొత్త అడ్రసు కాబట్టి కొత్తగా తెచ్చుకుంటుంది.

తెనాలి_కుర్రాడు · 8:47

నాదొక డౌటు. శర్మగారి క్రాన్ ఇన్నాళ్లూ నడిచినట్టే కనిపిస్తూ నడవలేదు కదా. ఇలాంటిది మళ్లీ జరిగితే పోస్టు మిస్సయ్యేదాకా ఆగకుండా ముందే తెలుసుకునేదెలా?

లాగ్‌చూడు · 9:00

సీప్యానెల్ క్రాన్ పేజీలో పైన మెయిల్ అడ్రసు పెట్టే గడి ఉంటుంది, నింపు. నీ కమాండ్ చివర అవుట్‌పుట్ మొత్తాన్ని డెవ్ నల్ అనే చెత్తబుట్టలోకి తోసేసే ముక్క ఉంటే, తప్పుల్ని కూడా తోసేస్తోందేమో చూసి ఆ భాగం తీసెయ్. టూల్స్ కింద సైట్ హెల్త్‌లో 'షెడ్యూల్ చేసిన ఈవెంట్ ఆలస్యమైంది' అని వర్డ్‌ప్రెస్సే చెబుతుంది, వారానికోసారి తెరువు. డబ్ల్యూపీ క్రాన్‌ట్రోల్ ప్లగిన్ వేసుకుంటే ఏ ఈవెంటు ఎప్పుడు నడవాలో వరుసగా కనిపిస్తుంది. అందులో పైనున్నవన్నీ టైము దాటిపోయి ఉంటే క్రాన్ ఆగినట్టే.

తెనాలి_కుర్రాడు · 9:14

చూశా అన్నా. పైన పదకొండు ఉన్నాయి, అన్నీ నిన్న రాత్రివి. కొత్త థ్రెడ్ వేస్తా.